శనివారం ఇంటికొచ్చిన ఇనుము

2003 నవంబరు 22, శనివారం. టెక్కలి. హాజరు: మావయ్య కూర్మారావు గారు, అత్తయ్య, సరోజ, పలాస నుంచి వచ్చిన మెకానిక్ సాహు, నేను. లేనివాడు: ఢిల్లీ.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. ముందు ఎవరెవరు ఉన్నారో రాసి, తర్వాత ఏం జరిగిందో రాయడం నాకు టెలిఫోన్ ఎక్స్ఛేంజీ ఉద్యోగంలో పట్టుబడిన పద్ధతి. డ్యూటీ అప్పగించే పుస్తకంలో అలాగే రాసేవాళ్లం. రానివాళ్ల పేర్లు రాసే అలవాటు మాత్రం నాకు లేదు. 'లేనివాడు: ఢిల్లీ' అన్న ఆ ముక్క వేరే సిరాతో ఉంది. దాన్ని మర్నాడు చేర్చాను.

ఆ పేజీ ఇప్పుడు తీయడానికి కారణం ఉంది. నా భార్య సరోజ తమ్ముడు ఢిల్లేశ్వరరావును ఇంటిల్లిపాదీ ఢిల్లీ అనే పిలుస్తాం. కిందటి నెల అతను ప్రెస్సు ముందు గది పడగొట్టి, ఫ్లెక్సీ మిషనుకు చోటు చేస్తూ అటక ఖాళీ చేయించాడు. మధ్యాహ్నం ఫోన్ చేశాడు. "బావా, నాన్న కేసు దొరికినాది. పారెయ్యమంతావా, నువ్వొచ్చి సూత్తావా?" వెళ్లి చూశాను. సీసం అక్షరాలు పోసుకునే చిన్న చిన్న గదుల చెక్క ట్రేని ప్రెస్సుల్లో కేసు అంటారు. ఇది మావయ్య చేతిలో నలిగిన కేసే, అయితే మధ్య గదులన్నీ ఊడదీసి ఉన్నాయి. ఆ ఖాళీలో అక్కడక్కడ చొక్కా గుండీలు మరలతో బిగించి ఉన్నాయి. ఒక అంచున కాలింగ్ బెల్ స్విచ్చు, దానికి రెండు తీగలు. పక్కనే పాత పేపర్లో చుట్టిన మూరెడు పచ్చ పలక. కొత్తగా చూసేవాళ్లకు ఈ మూడింటికీ పొత్తేమిటో తెలియదు. అందుకని రాస్తున్నాను.

అప్పటికి నాకు పెళ్లయి ఎంతో కాలం కాలేదు. మావయ్య ఇంటికి రెండు సందుల అవతల అద్దెకుండేవాళ్లం. ఆయన ఇంటి ముందు గదే ప్రెస్సు. గడప ఇవతల కిరోసినూ సిరా కలిసిన వాసన, అవతల అత్తయ్య పెట్టే పోపు వాసన. రెండూ గడప మీద కలుసుకునేవి. నేను వెళ్లిన ప్రతిసారీ ఆ గడప మీద ఒక్క క్షణం ఆగేవాడిని. మావయ్య పొద్దున్నే స్నానం చేసి, నుదుట నామం పెట్టుకుని, ప్రెస్సు తలుపు తీసి, మొదట నిన్నటి సిరా అంటిన రోలర్లను తుడిచేవారు. పని అయిపోయాక చేతులకు శనగపిండి రుద్దుకుని కడుక్కునేవారు. ఎంత రుద్దినా గోళ్ల అంచుల్లో నలుపు ఉండేది. భోజనం ముందు అత్తయ్య ఆయన చేతులు చూసేది. నేను ఆ ఇంటి అల్లుణ్ణి కాకముందు పాతికేళ్లకు పైగా ఆయన ఆ కేసు ముందు నిలబడే బతికారు. చూడకుండా చెయ్యి పెట్టినా కావలసిన అక్షరమే వచ్చేది.

తర్వాత చుట్టుపక్కల ప్రెస్సుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. మావయ్య కూడా ఒకటి కొన్నారు, శ్రీకాకుళంలో ఏదో ఆఫీసు వాడి వదిలేసినది. అప్పట్లో కంప్యూటరుకు తెలుగు రాదు. ఈ పచ్చ పలకను లోపల నల్లగా పొడుగ్గా ఉండే స్లాటులో గుచ్చి, తెర తీగను దీని వెనక్కి తగిలిస్తే అక్షరాలు తెలుగులో వచ్చేవి. పలక తీసేస్తే మళ్లీ ఇంగ్లీషే. మేమంతా దాన్ని తెలుగు కార్డు అనేవాళ్లం. యాభై దాటిన వయసులో మావయ్య ఒక్కో మీట మీదా కాగితం ముక్క అంటించుకుని ఏ అక్షరం ఎక్కడుందో నేర్చుకున్నారు. కొన్నాళ్లకు కాగితాలు చిరిగి ఊడిపోయాయి, ఆయనకు వాటితో పని లేకుండా పోయింది. పనిచేస్తూ కూర్చోవడానికి ఒక కుర్చీ దొరకడం ఆయన జీవితంలో అదే మొదటిసారి. ఆ మాట ఆయనే అన్నారు, గొప్పగా ఏం కాదు, కుర్చీ సంగతి చెప్పినట్టే.

టెక్కలి, సంతబొమ్మాళి వైపు పల్లెల పెళ్లి కార్డులు, పెద్దకర్మ కార్డులు, అమ్మవారి సంబరాల కరపత్రాలు చాలా కాలం ఆ మిషను మీదే వెళ్లాయి. ఆ ఏడు వానాకాలంలో అది ఆగిపోయింది. సాహు వచ్చి విప్పి చూశాడు. కార్డుకు ఏమీ కాలేదు, హార్డ్ డిస్కు బాగుంది, పోయింది కింద పెద్ద బోర్డు. అలాంటి బోర్డు ఇక దొరకదు. కొత్త బోర్డుల్లో నల్ల స్లాటు ఉండదు. అప్పటికే ఢిల్లీ ఇంకో కొత్త కంప్యూటరు కొని వేరే బల్ల మీద పెట్టుకున్నాడు. అందులో తెలుగుకు కార్డూ గీర్డూ అక్కర్లేదు. కానీ మీటల మీద అక్షరాలు వేరే చోట్ల ఉన్నాయి. మావయ్య దాని ముందు కొన్నాళ్లు కూర్చున్నారు. తలకాయకు తెలిసిన కొత్త చోటికి కాకుండా వేళ్లు పాత చోటికే పోయేవి. ఒక కార్డు చేసేసరికి పూట గడిచేది, అందులోనూ తప్పులు. ఒకరోజు ఆయన లేచి కుర్చీని బల్ల కిందకు తోసి, బయట అరుగు మీద కూర్చున్నారు.

ఢిల్లీ చెడ్డవాడేమీ కాదు. సీజను దగ్గర పడుతోంది, అతని కంగారు అతనిది. మా అందరి ముందే చెప్పాడు. "మార్గశిరం పడితే పెళ్లి కార్డులు మీద పడతాయి నాన్నా. అప్పటికి నీ మిషను లేస్తే లేచినాది. లేదంటే ఆ బల్ల మీద స్కానర్ పెడతాను. నువ్వలగ బయట కుర్సీ ఏసుకుని వొచ్చినోళ్లతో మాటాడుతుండు."

మావయ్య, "మాటాడ్డానికి నేనేటికి? నీకు నోరు లేదేటి?" అన్నారు.

ఆ మర్నాడే స్కానర్ వచ్చింది. అట్టపెట్టె విప్పకుండా ఢిల్లీ దాన్ని మావయ్య బల్ల పక్కనే నేల మీద పెట్టాడు. అరుగు మీదకు ఒక నీలం ప్లాస్టిక్ కుర్చీ కూడా వచ్చింది. మావయ్య ఆ కుర్చీలో కూర్చోలేదు. అరుగు మీదే కూర్చునేవారు.

అక్కడి నుంచి మేం నల్ల స్లాటు కోసం తిరిగాం. నాకు ఒక స్కూటరు ఉండేది, శని ఆదివారాల్లో ఖాళీ ఉండేది, పైగా తీగలతో పనిచేసే ఉద్యోగం. పలాస కాశీబుగ్గలో సాహు దుకాణం జీడిపప్పు బట్టీల సందు మొదట్లో ఉండేది. అతనిది ఇచ్ఛాపురం, ఇంట్లో ఒడియా, బయట మన తెలుగు. టీవీల నుంచి కంప్యూటర్లకు మారినవాడు. దుకాణంలో ప్రతి వస్తువు మీదా జీడి పొగ సన్నటి జిడ్డులా పేరుకుని ఉండేది. "మిగతా ఊళ్లలో కంప్యూటర్లు దుమ్ముతో పోతాయండి, మా పలాసలో జీడి పొగతో పోతాయి," అనేవాడు. విశాఖపట్నం దాకా ఫోన్లు చేశాడు. ప్రతిచోటా ఒకటే జవాబు. "అన్నీ తెల్ల స్లాట్లేనండి. నల్లది ఆపీసారు."

దారి చూపించింది కూడా సాహునే. రొయ్యల సాగు జోరుగా ఉన్నప్పుడు సంతబొమ్మాళి అవతల సముద్రం ఒడ్డున ఒక రొయ్య పిల్లల హేచరీ ఉండేది. దాని ఆఫీసు కంప్యూటరును అప్పట్లో బిగించింది అతనే. రొయ్యలకు తెగులు వచ్చి అది మూతపడింది. ఆ కంప్యూటరులో తెల్ల స్లాట్లతో పాటు నల్లది కూడా ఒకటి ఉందని అతనికి గుర్తు. "ఉప్పు గాలికి ఏటి మిగిలుంటాదో సెప్పలేను. కానీ సూసొద్దాం," అన్నాడు.

ఆ శనివారం పొద్దున బయల్దేరాం. నా స్కూటరు వెనక మావయ్య, తన మోటారు సైకిలు మీద సాహు. నౌపడ ఉప్పుమడులు దాటి సరుగుడు తోటల్లోకి దిగాం. వెనక నుంచి నా భుజం మీద మావయ్య వేళ్లు కదులుతుండడం తెలుస్తోంది. మొదట గతుకులకు పట్టుకుంటున్నారేమో అనుకున్నాను. కాసేపటికి అర్థమైంది. ఆయన టైపు చేస్తున్నారు.

హేచరీలో సిమెంటు తొట్లు మిగిలాయి, వాటిలో వాన నీళ్లు. కాపలాదారు ఎర్రయ్య పక్క పల్లెలోని మత్స్యకారుడు. పడవ మీదకు వెళ్లని రోజుల్లో, భార్యతో కలిసి ఆ ఆవరణలోనే ఉండేవాడు. యజమాని వెళ్లిపోతూ ఆఫీసు గదిలో సామాను నువ్వే వాడుకో అని చెప్పి పోయాడట. టీవీ లాంటి తెరను బోర్లించి దాని మీద నీళ్ల బిందె పెట్టుకున్నారు. కంప్యూటరు డబ్బా గది మూల పక్కకు పడుకోబెట్టి ఉంది. మూత లేదు. లోపల గడ్డి. గడ్డి మీద ఒక ఎర్ర పెట్ట పొదుగుతోంది.

సాహు వంగి చూడబోతే పెట్ట మెడ ఉబ్బించి అతని చేతి మీద పొడిచింది. అతను ఒడియాలో ఏదో అన్నాడు.

"దాని జోలికెల్లకండి బాబూ," అంది ఎర్రయ్య భార్య. "గుడ్ల మీదున్నాది. లేపితే పాడయిపోతాయి."

"మాకు కోడొద్దమ్మా. కోడి కింద డబ్బా కావాల," అన్నాడు సాహు.

"డబ్బా లేకపోతే కోడెక్కడ కూకుంటాది? గంపలో పెడితే పందికొక్కులొచ్చి గుడ్లెత్తుకుపోతన్నాయి. ఇనప డబ్బా గాబట్టి ఇన్నాళ్లూ ఆగినాయి."

ఎర్రయ్య మా ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. "ఇంత దూరం ఈ తుప్పు డబ్బా కోసం వొచ్చినారేటి? దీంట్లో ఏటున్నాది?"

మావయ్య చెప్పారు. తను ప్రెస్సువాడినని, తన మిషను ఆగిపోయిందని, ఇందులో ఉన్న నల్ల ముక్క దొరికితే మళ్లీ లేస్తుందని. దాచుకోకుండా చెప్పారు. గిరాకీ ఎంత ఉందో తెలిస్తే ఎదుటివాడు ధర పెంచుతాడని నాకు భయం వేసింది. ఎర్రయ్య ధర మాట ఎత్తలేదు. "పెళ్లి కార్డులేత్తారా మీరు?" అని అడిగాడు.

"అదే నా పని."

"మా పెద్దోడి పెళ్లి. మార్గశిరంలోనే. కార్డు పైన మా గంగమ్మ తల్లి పేరుండాల. ఎక్కడికెళ్లినా అచ్చేసున్న కార్డు సూపించి, దీని మీద పేర్లు మాత్రం మారుత్తాం అంతన్నారు. మా తల్లి పేరెట్టమంటే కుదరదంతన్నారు."

"నా మిషనులో కుదురుతాది," అన్నారు మావయ్య. "నీకు కావలసినన్ని కార్డులు ఏసిత్తాను. డబ్బా నాకియ్యి."

బేరం కుదిరింది గానీ కోడి సంగతి తేలలేదు. చివరికి ఎర్రయ్య భార్యే దారి చెప్పింది. ఆఫీసు బీరువా సొరుగు ఒకటి లాగి తెచ్చింది, అదీ ఇనపదే. పెట్ట మీద గోనె కప్పి చీకటి చేసి, గడ్డితో, గుడ్లతో సహా ఒక్క ఊపున దాన్ని సొరుగులోకి మార్చింది. పెట్ట ఒకసారి గొణిగి సర్దుకుంది. డబ్బా అడుగున బోర్డు కనిపించింది. నల్ల స్లాటు ఉంది. ఆ ఒడ్డున ఏ వస్తువు చూసినా తుప్పో పచ్చటి చిలుమో పట్టి ఉంది, ఈ బోర్డు మాత్రం పొడిగా, శుభ్రంగానే ఉంది. పెట్ట ఒంటి వేడికి చెమ్మ చేరలేదని సాహు అన్నాడు. నిజమో కాదో నాకు తెలియదు, అతను అన్నది డైరీలో రాశాను. ఎర్రయ్య ఎండు చేపల పొట్లం కట్టివ్వబోతే, కార్తీకం వెళ్లనియ్ అని మావయ్య వద్దన్నారు. పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురు పేరు, వాళ్ల ఊరు డొంకూరని, ముహూర్తం, అన్నీ అడిగి నోటికి పట్టుకున్నారు. కాగితం తీయలేదు.

మూడో జాముకు టెక్కలి చేరాం. సాహు డబ్బాను మోటారు సైకిలు మీద నుంచి విప్పి ఎత్తుకుని మెట్టెక్కబోతే అత్తయ్య గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఏటది?"

"కంప్యూటరు డబ్బా అమ్మా."

"ఇనుమేనా?"

"ఇనుమే."

"అయితే అక్కడే ఉంచు బాబూ. శనివారం పూట ఇనుము గడప దాటకూడదు."

సరోజ లోపలి నుంచి, "అమ్మా, అది కొన్నది కూడా కాదు. కార్డులకు బదులిచ్చినారు," అంది.

"కొన్నా, ఊరికే ఇచ్చినా ఇనుము ఇనుమే. రేపు ఆదివారం తెచ్చుకోండి, నేనే పసుపు రాసి లోపలెడతాను."

మావయ్య ఆమెతో ఎప్పుడూ వాదించేవారు కాదు. సాహు తల గోక్కున్నాడు. అంతలోనే అతనికి ఒకటి తోచింది. అరుగు మీదే కూర్చుని మరలు విప్పి, బోర్డును డబ్బా నుంచి బయటికి తీశాడు. "ఇది ఇనుము కాదమ్మా, సూడండి. అట్టలాటిది." అత్తయ్య వేలితో తట్టి చూసి పక్కకు తప్పుకుంది. డబ్బాలో పాత కరెంటు సప్లై పూర్తిగా తుప్పు పట్టింది. అలా ఉంటుందని ముందే అనుమానించి సాహు పొద్దున్నే తన దుకాణం నుంచి కొత్తది తెచ్చుకున్నాడు. అది నిజంగా ఇనప పెట్టే. అయితే అట్టపెట్టెలో ఉంది కాబట్టి ఆమె అడగలేదు, మేం చెప్పలేదు. ఖాళీ డబ్బా అరుగు మీద, ఆ నీలం కుర్చీ పక్కనే ఉండిపోయింది.

మావయ్య పాత మిషను డబ్బాలో మరల కన్నాలు వేరు, ఈ బోర్డు అందులో పట్టదు. అందుకని బల్ల మీద పేపర్లు పరిచి బోర్డు పెట్టి, పాత మిషను హార్డ్ డిస్కు, తెర దానికి తగిలించాం. సాహు కార్డు అంచున బంగారు రంగు పళ్లను పెన్సిలు రబ్బరుతో ఓపిగ్గా రుద్దాడు. మావయ్య పక్కన నిలబడి చూస్తున్నారు. కూర్చోమంటే కూర్చోలేదు. స్విచ్చు డబ్బాకు ఉండిపోయింది కాబట్టి, సాహు బోర్డు మీద రెండు సూదుల్లాంటి కాళ్లను స్క్రూడ్రైవరు మొనతో ఒక్కసారి కలిపాడు. ఫ్యాను తిరిగింది, తెర నల్లగానే ఉంది. కార్డు తీసి, మళ్లీ రుద్ది, ఈసారి రెండు బొటనవేళ్లతో గట్టిగా నొక్కాడు. మళ్లీ కలిపాడు. చిన్న కూత వినిపించింది. ఇంగ్లీషు వరసలు కొన్ని పరుగెత్తాక, తెర మీద తెలుగు వచ్చింది.

అప్పుడు మావయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "శ్రీ గంగమ్మ తల్లి ప్రసన్న" అని టైపు చేశారు. ఎక్కడా ఆగలేదు. పెళ్లికొడుకు పేరు దాకా వచ్చి, దాచమనే మీట నొక్కి, లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లారు. సిరా లేదు, మసీ లేదు. అయినా శనగపిండి అడిగి రుద్దుకున్నారు.

"రేపు డబ్బా లోపలికొచ్చాక నాలుగు మరలు బిగించుకోండి, అంతే," అని సాహు చెప్పి, అట్నుంచటే హరిశ్చంద్రపురంలో ఎవరి టీవీయో చూడాలని వెళ్లిపోయాడు. ఆ రోజు ఢిల్లీ పలాసలో ఒక పెద్ద ఆర్డరు పని మీద ఉండి, రాత్రికి అక్కడే ఆగిపోయాడు.

ఇప్పుడు నా జేబులో ఫోను ఉంది. దానికి ఏ పలకా గుచ్చకుండానే తెలుగు వచ్చు. నేను చెబితే విని రాస్తుంది కూడా. పెళ్లి కార్డులు అందులోకే వస్తాయి, సన్నాయి వాయిస్తూ. నాలుగు చుక్కలు పసుపు పెట్టడానికి వాటికి మూలలుండవు. మొన్న ఫోను నెమ్మదించిందని దుకాణంలో చూపిస్తే, కుర్రాడు దాన్ని విప్పకుండానే కొత్తది తీసుకోమన్నాడు. విప్పి చూడ్డానికి లోపల స్లాట్లు లేవు. ఎవరికీ ఏ ఊరూ వెళ్లాల్సిన పని లేదు. ఇది మంచిదనీ చెడ్డదనీ నేను అనను. మాకు దొరికిన తేలిక పని మా పెద్దలకు దొరికి ఉంటే వాళ్లూ తీసుకునేవాళ్లే. ఒక్క తేడా మాత్రం నాకు కనిపిస్తుంది. అప్పుడు వస్తువు పాతబడితే, దాని చుట్టూ నలుగురు చేరి ఇంకా ఎంతవరకు నడుస్తుందో చూసేవారు. మనిషి పాతబడ్డా అంతే. మావయ్య ఆ మిషను మీద కళ్లు సహకరించినంత కాలం పనిచేశారు. తర్వాత ఆయనే దాన్ని ఆపి, కార్డు తీసి పేపర్లో చుట్టి పెట్టారు. ఆయన పోయి చాలా కాలమైంది. నిరుడు అత్తయ్య కూడా పోయింది. ఆ కార్డు ఇంకా పనిచేస్తుందో లేదో తెలుసుకునే మార్గం ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు.

మర్నాడు ఆదివారం, కార్తీక అమావాస్య. మరలు బిగిద్దామని నేను పొద్దున్నే వెళ్లాను. అరుగు మీద డబ్బా లేదు. అది ఉన్న చోట ఒక ప్లాస్టిక్ గిన్నె నిండా ఉల్లిపాయలున్నాయి. తెల్లవారు బండికి పలాస నుంచి దిగిన ఢిల్లీ అక్కడే నిలబడి పళ్లు తోముకుంటున్నాడు.

"సూసినావా బావా, ఎవలో మన అరుగు మీద కోడి పెంట డబ్బా పడేసి పోనారు," అన్నాడు. "ఇప్పుడే పాత ఇనప సామాన్లోడొస్తే ఇచ్చీసేను. ఉల్లిపాయలిచ్చినాడు."

అది ఏ డబ్బానో చెప్పాను. అతను నోట్లో నురగ ఉమ్మడం కూడా మరిచిపోయి నా వైపు చూశాడు. తర్వాత నా స్కూటరు తీసుకుని వెళ్లాడు. అతను తిరిగొచ్చేసరికి మావయ్య, అత్తయ్య అరుగు మీద ఉన్నారు. "గొడౌన్లో సుత్తితో సదును సేసీసేరు నాన్నా," అన్నాడు. "నాకు తెలీదు. ఎవలూ సెప్పలేదు."

"నువ్వు లేవు కదరా," అన్నారు మావయ్య.

అత్తయ్య గిన్నె వైపు చూసింది. "కార్తీకం ఎల్లకుండా ఈ ఇంటికి ఉల్లిపాయలేటిరా?"

మావయ్య ఖాళీ చోటును కాసేపు చూశారు. ఆయన కోప్పడితే బాగుండేదని ఢిల్లీ మొహంలో కనిపించింది.

"బోర్డు లోపలున్నాదా బాబూ?" అని నన్నడిగారు.

"ఉంది మావయ్యా."

"కార్డు?"

"అదీ ఉంది."

"అయితే ఏటి పోనాది, డబ్బా పోనాది." ఢిల్లీ వైపు తిరిగారు. "అటకెక్కి నా కేసు దించు."

ఢిల్లీ ఎక్కి దించి, దుమ్ము తన లుంగీతోనే తుడిచాడు. అందులో గదులు చేసే సన్నటి చెక్క పట్టీలను మావయ్య ఒక్కొక్కటే ఊడదీశారు. ఢిల్లీ సాయానికి చెయ్యి పెట్టబోతే వద్దని తల ఊపారు. బోర్డు పట్టేంత చోటు చేసి, చుట్టూ అంచు గదులు అలాగే ఉంచారు. బోర్డు చెక్కకు ఆనకుండా కింద పెట్టడానికి సరోజ పాత చొక్కాల గుండీలు కోసి ఇచ్చింది. మరలు నేను బిగించాను. ఇక మిగిలింది స్విచ్చు. నొక్కి వదిలితే చాలు, అలాంటిది కావాలి. గుమ్మం పక్కన కాలింగ్ బెల్ స్విచ్చు సరిగ్గా అలాంటిదే. విప్పి, తీగలు అతికి, కేసు అంచున బిగించాను. ఆ తర్వాత చాలా కాలం ఆ ఇంటికి వచ్చినవాళ్లు తలుపు కొట్టి పిలవాల్సి వచ్చింది.

అంతా అయ్యాక అత్తయ్య మళ్లీ గుమ్మంలోకి వచ్చింది. ఈసారి ఆమె గొంతు కాస్త తగ్గింది. "అమావాస్య పూట కొత్త పని మొదలెట్టడం ఏటండీ? రేపు పాడ్యమి. రేపు మొదలెట్టుకోండి."

"కొత్త పనెవలు మొదలెడతన్నారే?" అన్నారు మావయ్య. "నిన్న ఆపిన కార్డు పూర్తి సేత్తన్నాను."

ఆయన బెల్ నొక్కారు. తెర వెలిగింది. నిన్నటి కార్డు తెరిచి, ఎర్రయ్య కొడుకు పేరు కింద డొంకూరు పెళ్లికూతురి పేరు టైపు చేయడం మొదలుపెట్టారు. ఢిల్లీ కాసేపు వెనక నిలబడి చదివాడు. తర్వాత వంగి, బల్ల పక్కనున్న స్కానర్ అట్టపెట్టెను రెండు చేతులా ఎత్తి, బయటికి తీసుకెళ్లి, అరుగు మీది నీలం కుర్చీలో పెట్టాడు.